సమాధిఫలకములు – తెలుపు వ్యామోహము

మృతులను గౌరవించుట నాగరకతకు గుఱుతని యెల్లరు నంగీకరింతురు. కాని గౌరవమను పేరిట వారి గుఱుతులను మన చేతులతోనే చెరిపివైచుట యే నాగరకతయో మాకు బోధపడకున్నది. ఏటేట నవంబరు 2వ తేదీన, సకలాత్మల దినమున, మన తెలుగునాటి క్రైస్తవ శ్మశానవాటికలకు కుటుంబములవారు తరలివత్తురు. కలుపు పెఱికి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. ఇంతవఱకు సర్వము శ్లాఘనీయమే. కాని పండుగ పనులలో సున్నపు బక్కెటయు, ఆమ్లపు సీసాయు, ఇనుపతీగెల కుంచెయు పెక్కుచోట్ల బయలుదేఱుచున్నవి. అక్కడనుండియే మా యభ్యంతరము.

“రాయి క్రొత్తదానివలె తెల్లగా నుండవలె” నను కోరికయే యీ యనర్థమునకు మూలము. చలువరాయి యనగా నేమి? సున్నపురాయి భూగర్భమున వేడిమికిని ఒత్తిడికిని లోనై స్ఫటికరూపము తాల్చినదే చలువరాయి. రాజస్థానమందలి మక్రానా గనుల రాయి, తాజమహలునకును, 1921లో తెఱవబడిన కలకత్తా విక్టోరియా స్మారకభవనమునకును వాడిన రాయి, ఈ జాతిదే. దీని మూలద్రవ్యము కాల్షియం కార్బొనేటు. కోడిగ్రుడ్డు పెంకునకును మూలద్రవ్య మదియే. ఆ పెంకుపై నిమ్మరసము పిండి చూడుడు. బుడగలు పొంగును. అది మురికి పోవుట కాదు, పెంకు కరగుట. నిమ్మరసమే యింత చేయగా, మరుగుదొడ్లు కడుగుటకు వాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఫలకము నేమి చేయునో వేఱుగ చెప్పవలయునా?

మన వంటింటి యలవాటే మనలను మోసగించుచున్నది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమిన తళతళలాడును గావున రాయియు నట్లే యని తలంచుచున్నాము. ఇత్తడిమీదనుండి పోవునది చిలుము. చలువరాతిమీదనుండి పోవునది రాయియే. ఆమ్లము తగిలిన పిదప కనబడు తెలుపు శుభ్రత కాదు, చర్మ మొలిచిన గాయము. నునుపుపోయి గరుకైన ఆ ముఖమున దుమ్మును పాచియు మునుపటికంటె త్వరగా పట్టును. మఱుసటి యేడు మఱల ఆమ్లము కావలసివచ్చును. ఇట్లు కొన్ని పండుగలు గడచునప్పటికి అక్షరముల యంచులు మొద్దువాఱి, పేరేదో తేదీ యేదో తెలియక పోవును.

“బ్లీచింగు పౌడరు ఆమ్లము కాదు గదా” యని కొందఱందురు. నిజమే. కాని దానివలన మిగులు లవణములు రాతిసందులలో జొచ్చి, నీ రాఱినపుడు స్ఫటికములై పెరిగి, రేణువులను విడదీయును. అట్టి రాయి పంచదారవలె రాలును. ఇనుపకుంచె గీతలు పెట్టుటయే కాక తన తునుకలను రాతిలో విడిచిపెట్టును, అవి త్రుప్పుపట్టి మరకలగును. ఇక సున్నము మురికిని కడుగదు, కప్పును. పొరపై పొర వేయగా అక్షరముల లోతు పూడిపోవును. సున్నము కొట్టిన సమాధులను గూర్చి సువార్తలో క్రీస్తు చేసిన మందలింపును వినుచున్నవారే యీ పనికి పూనుకొనుట మిక్కిలి చిత్రము. పైన పటారము, లోన లొటారము!

ఇందువలన పోవునది రాయి మాత్రమే యయిన మే మింత వాదింపము. పెద్దలకు గ్రంథములు కలవు. మన నిఘంటుకర్త బ్రౌను దొర 1884లో లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానమున నిదురించుచున్నాడు. ఆ రాయి చెరిగినను ఆతని నిఘంటువు చెరగదు. కాని కాన్పులో కన్నుమూసిన యిల్లాలికో? ఏడు నిండని పసికూనకో? పల్లెబడిలో జీవితము ధారవోసిన ఉపాధ్యాయురాలికో? ఇట్టివారిలో ననేకులకు ఫలకముమీది నాలుగు పంక్తులే చరిత్ర. వానిని చెరుపుట వారిని రెండవమాఱు పూడ్చుటయే.

“కూలివానికి డబ్బిచ్చితిమి, ఆతడే చేసె” ననువారికి మా ప్రత్యుత్తర మిది: తెల్లగా చేయుమని యాజ్ఞాపించినవారు మీరు. త్వరగా చేయుమని తొందరించినవారును మీరే. ఆతడు మీరు కొన్న తెలుపునే మీ కిచ్చెను. శ్మశానపు పని నీచమని యెంచి యొరులకు ద్రోయు దురాచారమే యిందు దాగియున్నది. తల్లి ముఖము కడుగుట నీచము కానపుడు ఆమె పేరు కడుగుట నీచ మెట్లగును? “అసలు ముట్టకుండుటయే మేలు” అనువారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. ప్రతి తోముడును ఎంతో కొంత రాతిని తీయును. కాని దట్టముగ పట్టిన పాచియు, రాతిపువ్వును తేమను నిలిపి రాతిని చెఱచును. కావున మితముగ, కొన్నేండ్ల కొకపరి కడుగుటయే యుక్తము.

ఆ కడుగుట యెట్లు? ముందుగా శ్మశానపాలకుల యనుమతి పొందుడు. కడుగకముందు ఛాయాచిత్రము తీయుడు. రాయి కదలుచున్నను, బీటలువాఱినను, వ్రేలు తగిలించిన రేణువులు రాలుచున్నను ముట్టక నిపుణునికి చూపుడు. సీసముతో పొదిగిన అక్షరములను, రంగు పూసిన అక్షరములను తోమకుడు. 1958 నాటి ప్రాచీనస్మారకముల చట్టముచే రక్షింపబడిన సమాధులపై మీ సేవ వలదు. తక్కినవానికి మంచినీరును, మెత్తని కుంచెయు, ఓపికయు చాలును. తొలుత రాతిని బాగుగ తడిపి, క్రిందినుండి పైకి మెల్లగ తోముచు, వెంటవెంటనే కడుగుడు. పైనుండి మొదలిడినచో మురికినీరు పొడిరాతిపై చారలు కట్టును. పాచిని వెదురుపుల్లతో గాని చెక్కతునుకతో గాని తీయుడు, కత్తి వలదు. చివరకు మిగిలిన నల్లదనమును ఆ రాతి వయసని యెంచి విడిచిపెట్టుడు.

ఇది పేదవాని యుపాయమని చిన్నచూపు చూడకుడు. తాజమహలునకు పట్టిన మకిలికి పురావస్తుశాఖవారు ముల్తానీమట్టి పట్టువేసి, ఆఱిన పిదప నీటితో కడుగుదురే కాని ఆమ్లము పోయరు. చక్రవర్తి భార్య గోరీకి చాలిన మన్ననయే మన యమ్మ సమాధికిని చాలును.

ఈ విషయము క్రైస్తవులకే పరిమితము కాదు. మహమ్మదీయుల గోరీలయందును, సమాధులు కట్టు హిందూ కుటుంబములయందును చలువరాయి చలువరాయియే. కావున పాఠక సోదరసోదరీమణులకు మా విన్నపము: రాబోవు పండుగకు ఆమ్లపు సీసాను ఇంటనే యుంచుడు. పిల్లలను వెంటగొని నీటికుండతో పొండు. ఒక్కొక్క యక్షరమును తడిపి తోముచు, ఆ పేరును వారిచేత చదివింపుడు. రాయి మంచువలె మెఱయకపోవచ్చును. పేరు మాత్రము నిలుచును, దానిని చదువగల వారును నిలుతురు.