నిర్వచనం వచ్చు.. ఆ తర్వాతి ప్రశ్న వస్తే?

‘రన్‌టైమ్ పాలిమార్ఫిజం అంటే ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడగ్గానే మనలో చాలామంది గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాం.. ‘ఒకే పేరు, అనేక రూపాలు’ అని. నేనూ అలాగే చెప్పాను. ఎదురుగా ఉన్నాయన తలూపి, ‘సరే, బేస్ క్లాస్‌లో వర్చువల్ అన్న మాట తీసేస్తే ఏమవుతుంది?’ అన్నారు. సీప్లస్‌ప్లస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న నేను నోరు మెదపలేకపోయాను. ఉద్యోగం రాలేదు. ఆ ప్రశ్న కష్టమైనదేం కాదు. నేను చదివిన తీరే తప్పు.

జవాబు చూడండి. ‘పేమెంట్’ అనే బేస్ క్లాస్, దాన్నుంచి వచ్చిన ‘యూపీఐ’, ‘కార్డ్’ క్లాసులు ఉన్నాయనుకోండి. మూడింటిలోనూ ‘పే’ అనే ఫంక్షన్ ఉంది. పేమెంట్ పాయింటర్‌లో యూపీఐ ఆబ్జెక్ట్ అడ్రస్ పెట్టి ‘పే’ని పిలిచారు. వర్చువల్ లేకపోతే కంపైలర్ పాయింటర్ రకాన్నే చూస్తుంది, బేస్ క్లాస్ ఫంక్షన్‌నే ఖాయం చేస్తుంది. ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, పని మాత్రం తప్పుతుంది! వర్చువల్ పెడితే పాయింటర్ ఏ ఆబ్జెక్ట్‌ని చూపిస్తోందో రన్‌టైమ్‌లో చూసి, యూపీఐ ‘పే’ని పిలుస్తుంది.

ఎలా చూస్తుంది? సాధారణంగా కంపైలర్లు ఇలాంటి ప్రతి క్లాసుకీ ఫంక్షన్ల అడ్రస్‌లతో వీటేబుల్ అనే పట్టిక తయారుచేస్తాయి. ప్రతి ఆబ్జెక్ట్‌లోనూ ఆ పట్టికను చూపే ఒక పాయింటర్ దాగి ఉంటుంది. ఈ ఖర్చు అవసరమైనవాళ్లే పెట్టుకోవాలన్నది సీప్లస్‌ప్లస్ పద్ధతి. అందుకే ఇక్కడ వర్చువల్ అని మనమే రాయాలి. జావాలో మామూలు మెథడ్స్ రాయకుండానే ఇలా పనిచేస్తాయి.

‘ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాస్తోంది కదా, ఇదంతా ఎందుకన్నా?’ అని జూనియర్లు అడుగుతుంటారు. నా మాట ఒక్కటే. వర్చువల్ మర్చిపోయిన కోడ్ కూడా కంపైల్ అవుతుంది. రాసింది మనిషైనా ఏఐ అయినా, ఆ తప్పును పట్టుకునేవాళ్లు ఒకరు కావాలి. కంపెనీ జీతమిచ్చేది ఆ చూపుకే. నిర్వచనం సెమిస్టర్ పరీక్షకు పనికొస్తుంది, కాదనను. కానీ ఇంటర్వ్యూలో అది మొదటి నిమిషానికే సరిపోతుంది.

కాబట్టి ఇవాళ సాయంత్రం ఓ గంట కేటాయించండి. పై ఉదాహరణను మీరే టైప్ చేయండి. వర్చువల్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి నడపండి. ఖాళీ క్లాస్ సైజు ఎంతో ప్రింట్ చేయండి, 1 బైట్ వస్తుంది. అందులో ఒక్క వర్చువల్ ఫంక్షన్ పెట్టి చూడండి, 64 బిట్ సిస్టమ్‌లో అది 8 అవుతుంది. దాగున్న ఆ పాయింటర్ అదే. 2011 ప్రమాణంలో వచ్చిన ‘ఓవర్‌రైడ్’ను యూపీఐ ‘పే’కి తగిలించి, బేస్‌లో వర్చువల్ తీసేయండి. ఈసారి కంపైలరే తప్పు పట్టుకుంటుంది. చివరగా, బేస్ పాయింటర్‌తో ఆబ్జెక్ట్‌ని డిలీట్ చేసేటప్పుడు డిస్ట్రక్టర్ కూడా వర్చువల్ ఎందుకు కావాలో మీ మాటల్లో రాసుకోండి.

‘తీసేస్తే ఏమవుతుంది?’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో ఎదురయ్యేలోపే మీకు మీరే వేసుకోండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకింకా టైముంది.