దెజిమా వాకిలి
1639లో పోర్చుగీసువారిని వెళ్లగొట్టి, 1641లో డచ్చి వర్తకులను నాగసాకి రేవులో కాపలా ఉన్న ఒకే ఒక్క వంతెనతో ఒడ్డుకు కలిసిన దెజిమా అనే కృత్రిమ దీవికి పరిమితం చేసిన తొకుగవా షోగునులు, అంటే చక్రవర్తి పేరిట జపానును ఏలిన సైనిక పాలకులు, విదేశీ వ్యాపారాన్ని రద్దు చేశారనడం కన్నా దాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నారనడమే సబబు. చైనా ఓడలు నాగసాకికి వస్తూనే ఉండేవి. డచ్చివారు కొన్న జపాను రాగి మచిలీపట్నం వంటి రేవులున్న కోరమాండల్ తీరం దాకా చేరేది. ఆ లోహం తరలిపోతున్నదన్న బెంగతోనే 1715లో డచ్చి ఓడలను ఏడాదికి రెండింటికి కుదించారు. 1853లో పెర్రీ నాయకత్వాన అమెరికా యుద్ధనౌకలు రావడంతో ఈ కట్టడి సడలింది గాని, అసలు దెబ్బ పాశ్చాత్య దేశాలతో కుదిరిన 1858 నాటి ఒప్పందాలది: దిగుమతి సుంకాలను సొంతంగా నిర్ణయించుకునే హక్కును వాటివల్ల పోగొట్టుకున్న జపాను, దాన్ని పూర్తిగా తిరిగి పొందింది 1911లోనే.