ఇక్కడ కులం లేదంటారు, ఇంటి ప్లాన్‌లో మాత్రం ఉంటుంది

మూడేళ్ల కిందట పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఇంటికి ఇంటీరియర్ పని ఒప్పుకున్నాను. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. మా ఇంట్లో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం.) ప్లాన్ అంతా చూశాక ఇంటాయన ఒక్క మార్పు అడిగారు. "వాష్ ఏరియా పక్కన పనిమనిషికి చిన్న టాయిలెట్ పెట్టండి. తలుపు బయటి వైపుకే ఉండాలి. మిగిలిన టైల్స్ ఏవో వేసేయండి." మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. కిటికీకి చోటు లేదు. గీసిచ్చాను. డబ్బులు తీసుకున్నాను.

ఆ రాత్రి ఆ డ్రాయింగ్ మా అమ్మకు చూపించాను. ఇలాంటి ఇళ్లలో ఇరవై ఏళ్లు అంట్లు తోమిన మనిషి. "ఇదైనా నయమే తల్లీ. మాకదీ నేదు. పొద్దున్న ఎల్తే మద్దేనం దాకా నీల్లు తాగీదాన్ని కాదు" అంది. అమ్మ ఆ మాట ఫిర్యాదుగా అనలేదు. అప్పట్నించీ నాకు మాత్రం నిద్ర సరిగా పట్టలేదు.

మా తాత శ్రీకాకుళం జిల్లాలోని ఒక మాలపేట నుంచి కూలిపనికి విశాఖలో ఓడెక్కి వచ్చాడు. మాలా తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది. 2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభా దాదాపు 3.8 లక్షలైతే, అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పేట వదిలి వస్తే కులం కూడా వదిలిపోతుందని తాత అనుకున్నాడు. ఇక్కడివాళ్లూ అదే చెబుతారు: ఇది మినీ ఇండియా, ఇక్కడ కులం లేదు. అందులో కొంత నిజముంది. 1858లో మొదలైన ఖైదీల కాలనీలో వేర్వేరు కులాల, మతాల వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల సంతతినే ఇక్కడ లోకల్ బార్న్ అంటారు. కానీ తర్వాత వచ్చినవాళ్లు తమ కులాన్ని పెట్టెబేడాతో పాటే తెచ్చుకున్నారు.

కాగితం చూస్తే కులం లేదనే అనిపిస్తుంది. 2011 జనగణనలో ఈ ద్వీపాల ఎస్సీ జనాభా సున్నా. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం ఎస్సీ జాబితాను ఒక్కో రాష్ట్రానికి, కేంద్రపాలిత ప్రాంతానికి విడిగా ప్రకటిస్తారు. అండమాన్ నికోబార్‌కు అలాంటి జాబితాయే లేదు. జాబితా లేదు కాబట్టి లెక్క సున్నా. ఎస్టీ జాబితాలో ఆరు తెగలున్నాయి గానీ, ఇక్కడి అడవులు నరకడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి తెచ్చిన ఆదివాసులకు అందులో చోటు లేదు. వాళ్లను ఇక్కడ రాంచీవాళ్లంటారు. ఊరు మారితే హక్కు వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసు అది. తెనాలిలో పుట్టిన ఎస్టీ విద్యార్థి బొంబాయిలో మెడికల్ సీటు అడిగితే, ఆ గుర్తింపు సొంత రాష్ట్రానికే పరిమితమంది ధర్మాసనం.

మా తాత కులం ఓడ దిగేటప్పుడు కాగితం మీద మాయమైంది, గుమ్మం దగ్గర మాత్రం అలాగే ఉంది. ఏ ఆఫీసూ రాయని ఆ సంగతి నేను గీసే ప్లాన్‌లో రాసి ఉంటుంది. సర్వీస్ ఎంట్రీ, యుటిలిటీ, సర్వెంట్ టాయిలెట్ అనే పేర్లతో. కులం పేరు ఎక్కడా కనపడదు. పడౌక్ చెక్కతో పూజగది తలుపు చేసిన వడ్రంగి, గృహప్రవేశం నాడు వరండాలో కాగితం ప్లేటులో తినడం నా కళ్లతో చూశాను. నాకు మాత్రం లోపల టేబుల్ దగ్గర వడ్డించారు. నా కులం వాళ్లకు తెలియదు.

వాస్తు సంగతీ ఇంతే. గాలీ వెలుతురూ కోసం పుట్టిన శాస్త్రమని కోర్సులో చెప్పారు. అయితే ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత తెరిస్తే, ఏ వర్ణానికి ఏ రంగు నేల తగునో ఉంటుంది: బ్రాహ్మణుడికి తెల్లది, క్షత్రియుడికి ఎర్రది, వైశ్యుడికి పసుపుది, శూద్రుడికి నల్లది. వర్ణం దిగేకొద్దీ ఇంటి కొలతలూ తగ్గుతాయి. ఈ పేజీ మాకెవరూ చూపించలేదు.

గోడలు ఏం చేయగలవో ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్కూల్లో ఉండగా అందరినీ సెల్యులర్ జైలుకు తీసుకెళ్తారు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ ఒక టవర్, చుట్టూ ఏడు రెక్కలు. ఒక రెక్కలోని గదుల ముందుభాగం పక్క రెక్క వీపు వైపుకి ఉంటుంది. ఖైదీ ఖైదీ ముఖం చూడకూడదనే ఆ డిజైన్. బయటికి తెరుచుకునే టాయిలెట్ తలుపు చేసేదీ చిన్నపాటి అలాంటి పనే. ఒకే ఇంట్లో రోజూ తిరిగే ఇద్దరిలో ఎవరు ఎవరికి కనపడకూడదో అది ముందే నిర్ణయిస్తుంది.

"ఇది సౌకర్యం కోసమే, ఆమెకూ ఇబ్బంది ఉండదు" అంటారు. అలాగైతే ఇంటికొచ్చిన చుట్టానికీ ఆ టాయిలెట్టే చూపించవచ్చు కదా? ఎవరూ చూపించరు.

మరి గీయనని చెప్పేయవచ్చు కదా అంటారు మిత్రులు. అక్కడే అమ్మ మాట అడ్డొస్తుంది. నేను కాదంటే ఇంటాయన ఆ గదిని పూర్తిగా తీసేస్తారు. ఇంకో అమ్మ మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉంటుంది. అందుకే ఇప్పుడు గీస్తాను, కానీ కిటికీ పెట్టి, మిగతా ఇంటికి వేసిన టైల్సే వేసి, చేతులు కడుక్కునే సింక్‌తో, తలుపు ఇంటి లోపలికి తెరిచి. డ్రాయింగ్ మీద 'టాయిలెట్' అని మాత్రమే రాస్తాను. ఒకాయన పని వేరేవాళ్లకిచ్చారు. ఇద్దరు గమనించకుండానే ఒప్పుకున్నారు. దీనితో కులం పోతుందన్న భ్రమ నాకు లేదు. కానీ నా చేతుల్లో ఉన్నది ఆ పెన్సిలే.

1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఉండటానికి ఇల్లు దొరకలేదు. పేరు దాచుకుని తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చినవాళ్లు వెళ్లగొట్టారు. అదే మనిషి 1930ల్లో దాదర్‌లో తన పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్నాడు. ఇల్లు మనకు ఎప్పుడూ ఒట్టి గోడలూ కప్పూ కాదు.

డిజైన్, ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇల్లు కొలిచేటప్పుడు ఇందులో పనిచేసే మనిషి ఎక్కడ నీళ్లు తాగుతుంది, ఎక్కడ కూర్చుంటుంది అని కూడా అడగండి. పాఠాలు చెప్పేవాళ్లకు ఇంకో మాట. వాస్తు చెబితే వర్ణాల పేజీ కూడా చెప్పండి. కుల అధ్యయనాల్లో ఇంటి ప్లాన్లను కూడా సాక్ష్యంగా చదవండి. రాబోయే జనగణనలో కులాలు లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ లెక్కలోనైనా మా ద్వీపాల దళితులు సున్నాగా మిగలకూడదు.

అమ్మ ఇప్పుడు పనికి వెళ్లడం లేదు. మా ఇంట్లో ఒకటే టాయిలెట్. ఎవరొచ్చినా అదే.

జై భీమ్.