మలాకీ శాపం ఎవరి మీద?



ఈ మధ్య మన ఊళ్ళ కూడికల్లో, సెల్‌ఫోన్లలో తిరిగే ప్రసంగాల్లో ఒకే మాట వినబడుతోంది. దశమభాగం ఇవ్వనివాడు దేవుని సొమ్ము దొంగిలించినవాడట, అందుకే వాడి ఇంట్లో జబ్బు, చేలో పురుగు అట. మలాకీ 3వ అధ్యాయం చూపించి, కూలికి పోయి బిడ్డల్ని సాకే విధవరాలిని కూడా వణికిస్తున్నారు. ఇది క్రొత్త నిబంధన బోధ కాదు.

మలాకీ మాట్లాడింది యాకోబు సంతతితో. సీనాయి నిబంధన కింద ఉన్న జనం వాళ్ళు. లోబడితే దీవెన, లోబడకపోతే శాపం. ద్వితీయోపదేశకాండము 28 చదవండి. అయితే అలాంటిది కాని మరో నిబంధన చేస్తానని దేవుడే యిర్మీయా 31లో చెప్పాడు. పాపాల లెక్క ఇక గుర్తు చేసుకోనన్నాడు. అది తన రక్తంతో స్థిరపడుతుందని ప్రభువు ఆ రాత్రి గిన్నె పట్టుకుని చెప్పాడు. మన శాపాన్ని మ్రాను మీద తానే మోశాడు (గలతీ 3:13). మరి బల్ల దగ్గర ఆ గిన్నె అందించిన చేతితోనే, కవరు రాలేదని శాపం పెట్టడమేమిటి?

పోనీ, ధర్మశాస్త్రమే కావాలంటే పూర్తిగా చదవండి. దశమభాగం పంటలో, పండ్లలో, మందలో. భూమి స్వాస్థ్యం లేని లేవీయులకు అది జీవనాధారం. మూడవ యేటి భాగం ఊళ్ళోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని బిడ్డలకు, విధవరాండ్రకు కడుపునిండా పెట్టాలి (ద్వితీ 14:28-29). అంటే ఆ విధవరాలు పుచ్చుకోవలసిన మనిషి! ఆమె దగ్గరే వసూలు చేసేది ఏ లేవీయుడు?

అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందే ఇచ్చాడు గదా అంటారు. ఇచ్చాడు, యుద్ధంలో దొరికిన సొమ్ములో. ఇవ్వకపోతే శాపమని మెల్కీసెదెకు బెదిరించలేదు, ముందు దీవించాడు.

భయం తీసేస్తే సంఘం నడవదని కొందరు సేవకుల మాట. నేనూ మీ కానుకల మీద బ్రతికేవాణ్ణే, సేవకుణ్ణి పోషించడం వాక్యానుసారమే (1 కొరింథీ 9:14). కానీ మాసిదోనియ సంఘాలవారు నిరుపేదలై ఉండి శక్తికి మించి ఇచ్చారు. మమ్మల్నీ ఇవ్వనివ్వమని వారే పౌలును బతిమాలుకున్నారు (2 కొరింథీ 8). దశమభాగం సంతోషంగా నిశ్చయించుకున్నవారు ఇవ్వండి, అంతకన్నా ఎక్కువైనా ఇవ్వండి. అప్పు చేసి, భయపడి తెచ్చిన కవరు మాత్రం నాకు వద్దు. అలాంటి తల్లుల ఇళ్ళలో బియ్యం ఉన్నాయో లేవో సంఘపెద్దలు ఈ ఆదివారంలోగా వెళ్ళి చూసి రండి. ఈసారి కానుక ఎటు పోవాలో ఆ తరువాత కూర్చుని మాట్లాడుకుందాం.