ముందు నీళ్లు, తర్వాతే బండి

వడ్లలో తేమ 17 శాతానికి దిగితే తప్ప కాంటా పెట్టరు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రం దగ్గర రైతు కోరుకునేది మండే ఎండనే. మబ్బు కమ్మితే ఆయన గుండెలో రాయి పడుతుంది, ఎండ పెళపెళలాడితే ప్రాణం లేచొస్తుంది. ఊరంతా తలుపులు మూసుకునే వేళ, పన్నెండు నుంచి మూడింటి దాకా, ఆయన వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ సాళ్లు తీస్తూ, తిరగేస్తూ ఉంటాడు. జనగామ చుట్టుపక్కల సగం రోడ్డు మీద వడ్లు పోశారని బండి ఆపి విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తారురోడ్డు కింద నుంచి కక్కే సెగ ఆ మనిషి అరికాళ్లకు ఎట్లా తగులుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

మానుకోట (మహబూబాబాద్) దిక్కు మిర్చి తోటల్లో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల అంగీ తొడుక్కుని, ముఖానికి తువ్వాల చుట్టుకుని కాయ ఏరుతారు. ఎండ నుంచీ ఘాటు నుంచీ అది కాపాడుతుంది, కానీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. భూపాలపల్లి అడవుల్లో తునికాకు కాలం వస్తే పొద్దు పొడవకముందే ఇంటిల్లిపాదీ కదులుతారు. ఆకు తెంపి, మూట నెత్తిన పెట్టుకుని మైళ్ల దూరం నడిచి, యాభయ్యేసి ఆకుల కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పే దాకా ఆ రోజు అయిపోదు. అదే జిల్లాలో ఓపెన్ కాస్టు గుంతలో పనిచేసే వాళ్లకు గాలి ఆడదు, చుట్టూ ఉన్న బండ వేడిని వెనక్కి కొడుతుంది. ఇక ఉపాధి పని, ఇటుక బట్టీ, స్లాబు పని, హమాలీ పని ఈ మూడు జిల్లాల్లోనూ ఉన్నవే.

అయితే ఈ విజ్ఞప్తి ఎండలో పనిచేసే మనిషికి కాదు. ఆ మనిషి పక్కన ఉన్నవాళ్లకు. ఎందుకంటే వడదెబ్బ అన్నిటికన్నా ముందు పట్టుకునేది మెదడును. తనకు వడదెబ్బ తగిలిందన్న సంగతి తగిలిన మనిషికే తెలియదు. "నాకేం కాలే, ఇంకో పది బస్తాలే కదా" అని అంటూనే ఒరిగిపోతాడు. ఆయనకు ఎన్ని జాగ్రత్తలు చెప్పినా ఆ క్షణాన పనికిరావు. చూడాల్సింది పక్కన సంచి పట్టుకున్న మనిషి, పక్క సాలులో మిర్చి ఏరుతున్న వదిన, మస్టర్ వేసే మేటు, కాంటా దగ్గర కూర్చున్న సంఘం లీడరు.

ఏం చూడాలి? తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం, ఒళ్లంతా చెమటతో తడిసి నీరసపడిపోవడం. ఇవన్నీ ఒళ్లు ఇస్తున్న మొదటి కేకలు. మనిషి మాత్రం తెలివిలోనే ఉంటాడు, అడిగినదానికి సరిగ్గా జవాబు చెబుతాడు. నీడకు తీసుకుపోయి, కాళ్లు కాస్త ఎత్తు మీద పెట్టి పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఓఆర్ఎస్సో ఉప్పేసిన సల్లో గంజో గుక్కగుక్కగా తాగిస్తే అరగంటలో తేరుకుంటాడు. తేరుకోకపోతే, తాగింది తాగినట్టు కక్కేస్తుంటే దవాఖానకు తీసుకుపోవాల్సిందే. తేరుకున్నా సరే, ఆ రోజుకు పని బంద్. కూలి పోతుందని మళ్లీ ఎండలోకి దిగినవాళ్లే రెండోసారి లేవని పరిస్థితి తెచ్చుకుంటారు.

పరిస్థితి గీత దాటిందని చెప్పేది మనిషి మాటే. అడిగింది ఒకటైతే చెప్పేది ఒకటి, మాట ముద్దముద్దగా రావడం, ఊరికే కోపం, అడుగు తడబడడం, ఫిట్స్, స్పృహ తప్పడం. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తప్పుతున్నప్పుడు ఇట్లా అవుతుంది. కల్లంలో థర్మామీటరు ఎవరి దగ్గరా ఉండదు, అక్కర కూడా లేదు. "ఇయ్యాల ఏ వారం? పొద్దున ఏం తిన్నవ్? నీ చిన్నబిడ్డ పేరేంది?" అని అడగండి. జవాబు తప్పిందా, అది ప్రాణం మీదికి వచ్చిన వడదెబ్బ అనే అనుకోండి. కాకపోతే నష్టమేం లేదు, నాలుగు బిందెల నీళ్లు వృథా, అంతే.

రెండు పొరపాట్లు మన దగ్గర మనుషుల్ని చంపుతున్నాయి. మొదటిది, చెమట పడుతుంటే వడదెబ్బ కాదనుకోవడం. ఇంట్లో ఉక్కపోతకు పడిపోయిన ముసలివాళ్లకు చర్మం పొడిబారుతుంది, నిజమే. కష్టం చేస్తూ పడిపోయిన మనిషికి మాత్రం చెమట ధారలు కడుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. రెండోది మరీ ఘోరం. మాట తడబడితే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది కల్లు. "తాగి పడ్డడు, పండనియ్యి, దిగితే లేస్తడు" అని చెట్టుకింద వదిలేస్తారు. ఆయన పొద్దున నిజంగానే ఓ సీసా తాగి ఉండొచ్చు కూడా. తాగినవాడికి వడదెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది. ఎండలో పడి ఉన్న మనిషి నోరు వాసన చూడకండి, ముందు ఒళ్లు ముట్టుకుని చూడండి.

ఇప్పుడు అసలు మాట. పడిపోయిన మనిషిని చూడగానే మనం చేసే పని ఆటో కోసం పరుగెత్తడం. ఆటో దొరికి, గుంతల రోడ్డు మీద మానుకోటకో భూపాలపల్లికో చేరేసరికి గంట పడుతుంది. ఆ గంటసేపూ ఆయన మెదడు, కాలేయం, కిడ్నీలు ఉడుకుతూనే ఉంటాయి. వేడిని మొదటి అరగంటలో దించగలిగితే మనిషి దాదాపుగా దక్కుతాడు. అమెరికాలో ఫాల్మత్ అనే ఊళ్లో ఏటా వేసవిలో పరుగు పందెం జరుగుతుంది. 18 ఏళ్లలో అక్కడ 274 మందికి వడదెబ్బ తగిలింది, ఒక్కరూ చనిపోలేదు. అక్కడేదో గొప్ప మందు ఉందనుకునేరు! పడిపోయినవాణ్ని పడిపోయిన చోటే ఐసు నీళ్ల తొట్టిలో ముంచారు, చల్లబడ్డాకే అక్కడి నుంచి కదిలించారు. వాళ్లు కుర్రకారు, మనవాళ్లలో ముసలివాళ్లు, షుగరు బీపీ ఉన్నవాళ్లు ఎక్కువ, ఆ తేడా ఉంది. సూత్రం మాత్రం అదే. 108కు ఒకరు ఫోన్ చేయండి, మిగతావాళ్లు నీళ్లు అందుకోండి.

మన కల్లాల్లో ఐసు తొట్టెలు ఎక్కడివి అంటారా? టార్పాలిన్ ఉంది కదా. అకాల వాన పడితే వడ్ల మీద కప్పే ఆ పట్టానే నీడలో పరిచి, మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పట్టి ఎత్తితే డోలె అవుతుంది. అందులో పది బిందెల నీళ్లు పోసి, అటూ ఇటూ ఊపుతూ నీళ్లు ఒంటికంతా తగిలేలా చేయండి. తొట్టి దొరకని మైదానాల్లో క్రీడా వైద్యులు వాడే పద్ధతే ఇది, మనవాళ్లు దీనికోసం కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఒకరు తల దగ్గరే ఉండి ముఖం నీళ్లపైన ఉండేలా పట్టుకోవాలి. పశువుల నీళ్ల తొట్టి దగ్గర్లో ఉంటే అదీ పనికొస్తుంది. మిద్దె మీద సింటెక్సు నీళ్లు మసలుతుంటాయి, అవి వద్దు. బోరు వేసి పట్టిన నీళ్లు, పంచాయతీ ట్యాంకరు నీళ్లు పోయండి. కూల్‌డ్రింకు షాపులో, చేపల బండి దగ్గర ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి.

ముసలివాళ్లయితే, స్పృహ బొత్తిగా లేకపోతే డోలె వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు చల్లుతూ, అట్టముక్కతోనో తువ్వాలతోనో ఆపకుండా విసరండి. నీళ్లు ఆరుతున్నకొద్దీ వేడి దిగుతుంది. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి అది కూడా వేడెక్కి దుప్పటిలా తయారవుతుంది, మారుస్తూ ఉండాలి.

ఆడకూలీ పడిపోతే మగవాళ్లు వెనక్కి తగ్గుతారు, ఆడవాళ్లు చుట్టూ చేరి ఏడుస్తారు, ఈలోగా కాలం కరిగిపోతుంది. రెండు చీరలు అడ్డం పట్టండి, పైన తొడుక్కున్న అంగీ తీసేయండి, జాకెట్టు సడలించండి, ఆడవాళ్లే నీళ్లు పోయండి. చీర విప్పాల్సిన పనే లేదు. చెమట మీద చన్నీళ్లు పోస్తే సన్ని కొడుతుందని అడ్డుపడే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. వాళ్లను గౌరవంగా పక్కన కూర్చోబెట్టి విసనకర్ర చేతికివ్వండి.

తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం గోలీ వేయకండి, అది ఈ వేడిని దించదు, సరికదా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో బరువు. ఉల్లిగడ్డ అరికాళ్లకు రుద్దడంలో హాని లేదు, కానీ ఆ చేతులు బిందె మోయడానికి కావాలి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్లకు ఒక మనవి. జనం మిమ్మల్నే ముందు పిలుస్తారు, అది మీ మీద నమ్మకం. సెలైన్ బాటిల్ వేలాడదీయడానికి కొక్కెం వెతికే ముందు ఒళ్లు తడపమని చెప్పండి. నరంలోకి ఎక్కే నీళ్లకన్నా చర్మం మీద పడే నీళ్లే ఆ అరగంటలో ముఖ్యం.

దవాఖానలు మునుపటి కన్నా దగ్గరయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రతిదానికీ వరంగల్ ఎంజీఎంకు పరుగెత్తాల్సిన రోజులు కావివి. ఆటోలో తీసుకుపోయేటప్పుడు కూడా పక్కన ఒక బిందె, ఒక తువ్వాల పెట్టుకోండి, దారి పొడుగునా తడుపుతూనే ఉండండి.

పని దిగి ఇంటికొచ్చాక వచ్చే దెబ్బ సంగతి ఎవరూ పట్టించుకోరు. సాయంత్రం అన్నం వద్దంటాడు, రెండుసార్లు కక్కుతాడు, మూలకు ఒదిగి పడుకుంటాడు. "అలసిపోయిండు" అని దీపం ఆర్పేస్తారు. అట్లా పడుకున్న మనిషిని గంటకోసారి లేపి మాట్లాడించండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతున్నట్టు, తెల్లారే దాకా ఆగకండి. ఒకసారి వడదెబ్బ తగిలి దవాఖాన నుంచి వచ్చినవాళ్లు డాక్టరు సరేననే దాకా ఎండ పనికి పోవద్దు, ఆ ఒళ్లు కొన్నాళ్లు వేడికి మునుపటిలా ఆగదు.

ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. పనిచోట జరిగే ఎండ మరణాల్లో ఎక్కువ భాగం పనిలోకి దిగిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చి నాన్నకు సాయంగా బస్తాలెత్తే డిగ్రీ పిల్లవాడు, జ్వరం తగ్గి రెండో రోజే పనికొచ్చిన అక్క, వీళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. మొదటి రోజు ఐదో వంతు పని చాలు. బీపీకి నీళ్లు తీసే గోలీలు, మానసిక జబ్బు మందులు వాడేవాళ్లు మందు మానొద్దు గానీ, ఎండ పనికి పోతున్నామని ఆశా కార్యకర్తకో డాక్టరుకో చెప్పాలి.

తాగే నీళ్ల విషయానికొస్తే, దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకో గ్లాసు. రంజన్ నీళ్లు, అంబలి, ఉప్పేసిన సల్ల మనకు కొత్త కాదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఒకటి. సగం నీళ్లలో చిక్కగా కలిపితే మేలుకన్నా కీడే ఎక్కువ. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరు తగిలించి అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలపై హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని వాటికి ఆ పేరు పెట్టొద్దని చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చే ప్యాకెట్టే అసలైనది.

పని పెట్టేవాళ్లతో కూడా ఒక మాట. పని చోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసుకున్నాం. నీడ అంటే నాలుగు కర్రలు, పైన ఒక పరదా, అంతకుమించి అడగడం లేదు. టీవీలో 44 డిగ్రీలని చెబితే అది నీడలో పెట్టిన పెట్టెలో కొలిచిన లెక్క, ఎండలో నిలబడ్డ మనిషి మీద పడేది అంతకన్నా ఎక్కువే. లారీ రాలేదని పొద్దంతా కూర్చోబెట్టి, వచ్చాక మధ్యాహ్నం రెండింటికి హమాలీలతో 40 కిలోల బస్తాలు ఎత్తించడం ఏ కేంద్రంలోనైనా ఆపగలిగిన పనే. లారీ సాయంత్రం దాకా ఆగదా?

2002 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా, 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండకు పోయారు. ఇవి లెక్కకెక్కినవి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, అంతకుముందు 50 వేలున్న పరిహారాన్ని 4 లక్షల రూపాయలు చేసింది. మరణం వడదెబ్బ వల్లేనని అధికారులు నిర్ధారిస్తేనే అది అందుతుంది, కాబట్టి ఎవరికైనా అట్లాంటి గతి పడితే దహనానికి తొందరపడకుండా తహసీల్దారుకు, పోలీసులకు కబురు పెట్టండి. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు, రాయకపోతే ఆ ఇంటికి అన్యాయం.

అడుగుతున్నది ఇదీ. ప్రతి కొనుగోలు కేంద్రంలో, తునికాకు కల్లంలో, మిర్చి తోట గట్టున ఒక పాత టార్పాలిన్, నిండా నీళ్లున్న రెండు డ్రమ్ములు, పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు పక్కన పెట్టండి. వడ్ల మీద కప్పడానికి ఎంత కొరతున్నా ఆ ఒక్క పట్టాను ముట్టొద్దు. ఈ వారంలోనే ఒక సాయంత్రం పని దిగాక, ఊళ్లో ఒక బక్క పిలగాణ్ని పట్టాలో పడుకోబెట్టి, ఎవరు ఏ అంచు పట్టాలి, ఎవరు నీళ్లు పోయాలి, ఎవరు తల పట్టాలి, ఎవరు 108కు ఫోన్ చేయాలి అని ఒకసారి చేసి చూసుకోండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. నీళ్లు చల్లగా ఉన్నాయని ఆ పిలగాడు కేకలు పెడితే బోరు నీళ్లు సరిపోతాయని తేలిపోతుంది.