పొలంలో చావదు.. లాన్‌లో బతకదు!

గరివిడి నుంచి ఓ గృహిణి ఉత్తరం రాశారు. ఇంటి ముందు ముప్పై గజాల జాగాలో ముచ్చటపడి లాన్ వేయించుకున్నారట. ఆర్నెల్లు పచ్చగా కళకళలాడింది. ఆ తర్వాత పసుపు రంగుకు తిరిగి, మచ్చలు మచ్చలుగా ఎండిపోయింది. మళ్లీ డబ్బు పోసి కొత్త గడ్డి పరిపించారు. మళ్లీ అదే వరస. 'ఈ గొడవంతా ఎందుకు, టైల్స్ వేయించేద్దాం అంటున్నారు మావారు. మనవడు ఆడుకునే చోటు కదా అని నేనే ఆపాను. ఏదైనా దారి ఉందా?' అని అడిగారు.

ఉంది. అయితే మూడోసారి గడ్డి కొనే ముందు మొదటి రెండుసార్లూ ఎందుకు చచ్చిందో తెలుసుకోవాలి.

నర్సరీల్లో బెర్ముడా గ్రాస్ అనీ, ఆస్ట్రేలియాలో కౌచ్ అనీ పిలిచేది మరేదో కాదు, మన గరికే. వినాయక చవితి నాడు ఇరవైఒక్క పత్రాల్లో ఒకటిగా పూజకు పెట్టేదీ, గట్ల మీద పశువులు మేసేదీ ఇదే. దుక్కి దున్నేటప్పుడు రైతు ఎంత పీకినా కణుపు ముక్క మిగిలితే చాలు, మళ్లీ లేస్తుంది. అంత మొండి గడ్డి మన ముంగిట్లోకి వచ్చేసరికి ఎందుకిలా నీరసపడుతోంది? పొలం గట్టు మీద దానికి దొరికేవి మూడు: రోజంతా ఎండ, గుల్ల నేల, అప్పుడప్పుడూ గట్టి వాన. ఇంట్లో మనం ఇచ్చేవి మూడు: చెట్టు నీడ, కట్టుబడి రాళ్లు, పూటపూటా పైపు నీళ్లు!

ముందు ఎండ సంగతి. గరికకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. లాన్ మధ్యలో బాగుండి మామిడి చెట్టు కిందా, ప్రహరీ పక్కనా పలచబడిందంటే తెగులేదో వచ్చిందని కంగారు పడకండి. పోచలు సన్నగా, పొడవుగా సాగి, మధ్యమధ్య మట్టి కనిపిస్తోందా? అది నీడ పనే. కింది కొమ్మలు కొట్టించి చూడండి. అప్పటికీ ఎండ పడకపోతే ఎరువులతో లాభం లేదు.

రెండోది నేల. విజయనగరం జిల్లాలో ఎక్కువగా ఉండేవి ఎర్రనేలలే. తడిసినప్పుడు మెత్తగా ఉండి, ఎండితే ఇటుకలా బిగుసుకుంటాయి. దానికితోడు కొత్త ఇళ్ల ముందు ఇటుక ముక్కలు, సిమెంటు, కంకర కప్పేసి, పైన నాలుగు వేళ్ల మందం మట్టి పోసి గడ్డి పరుస్తారు. ఆర్నెల్లు బాగుండి తర్వాత చావడానికి ఇదే కారణమని మా అనుమానం. వేళ్లు కిందికి దిగి రాయికి తగిలే దాకా పచ్చగానే ఉంటుంది మరి. నీళ్లు పెట్టిన మర్నాడు ఓ పొడవాటి స్క్రూడ్రైవరు నేలలోకి దించి చూడండి. చేత్తో నొక్కితే నాలుగైదు అంగుళాలు దిగాలి. దిగకుండా గట్టిగా ఆగితే నేల బిగుసుకుందని అర్థం. టక్కుమని తగిలితే రాళ్లున్నాయని. బిగుసుకుంటే గునపంతో జానెడు దూరానికో గుంత పొడిచి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపితే చాలు. రాళ్లుంటే మాత్రం దగ్గరిదారి లేదు, తవ్వి ఏరాల్సిందే.

పసుపు రంగులో కూడా రెండు రకాలున్నాయి. వంగి దగ్గరగా చూస్తే తేడా తెలిసిపోతుంది. కింది ముదురు ఆకులు ముందుగా పసుపెక్కి, లాన్ మొత్తం వెలిసిపోయినట్టుంటే నత్రజని చాలడం లేదు. ముప్పై గజాలకు పావుకిలో యూరియా సమానంగా చల్లి, వెంటనే నీళ్లు పట్టండి. ఆలస్యం చేస్తే ఆకులు మాడతాయి. గడ్డి జోరుగా పెరిగే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి ఇస్తే సరిపోతుంది. బలం కదా అని గుప్పెడు ఎక్కువ వేయకండి.

అలాకాక లేత ఆకులే పసుపు రంగులోకి వచ్చి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తున్నాయా? అది ఇనుము లోపం. ఎర్రమట్టిలో ఇనుముకు కొదవేమిటని మీరు అడగవచ్చు. నిజమే, ఉంటుంది. కానీ సున్నం, సిమెంటు కలిసిన మట్టిలో వేళ్లు దాన్ని తీసుకోలేవు. గోడ వారగా ఈ లోపం ఎక్కువగా కనిపించేది అందుకే. అక్కడి మట్టి కాస్త తీసి నిమ్మకాయ పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారానికోసారి చొప్పున రెండు మూడుసార్లు కొడితే పచ్చదనం తిరిగొస్తుంది. నాపరాళ్ల మీద పడితే మాత్రం తుప్పు మరకలవుతాయి, జాగ్రత్త.

నీళ్ల దగ్గర చాలామంది చేసేది ఒకటే. సాయంత్రం కాఫీ తాగుతూ పైపు పట్టుకుని పది నిమిషాలు చల్లడం. పై మట్టే తడుస్తుంది, వేళ్లూ పైపైనే ఉండిపోతాయి. రోహిణి కార్తె ఎండకు ఒక్కరోజులో మాడిపోతాయి. వారానికి రెండుసార్లు, అదీ పొద్దున్నే, జానెడు లోతు తడిసేలా పెట్టండి. లాన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. అడుగుల ముద్రలు అలాగే ఉండిపోయాయంటే దాహంగా ఉన్నట్టు. గడ్డి వెంటనే లేచి నిలబడితే ఆ పూటకు పైపు ముట్టుకోనక్కర్లేదు. రాత్రంతా తడిగా ఉండే లాన్‌లో రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చలు, తెల్లవారి మంచులో సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. అది బూజు తెగులు. మందు కొనే ముందు సాయంత్రం నీళ్లు మానేసి చూడండి.

కోత గురించి ఒక్క మాట. నెలరోజులు వదిలేసి, పండక్కి చుట్టాలొస్తున్నారని ఒకేసారి నేల కనబడేలా కొట్టించేస్తారు. అడుగున ఉన్న గోధుమ రంగు కాడలు బయటపడి, లాన్ ఎండిపోయినట్టు కనిపిస్తుంది. ఏ కోతలోనైనా ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. ఇంటి లాన్‌కు అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తు చక్కగా ఉంటుంది. కోసిన రెండో రోజు పోచల కొసలు తెల్లగా చీలినట్టుంటే మిషన్ బ్లేడు మొద్దుబారిందని తెలుసుకోండి.

ఇక మచ్చల సంగతి. ఎండిన చోట గడ్డిని గుప్పెట పట్టి లాగండి. చాపలా చుట్టుకుని చేతికొచ్చేస్తే కింద వేరుపురుగు ఉన్నట్టే. వేరుశనగ వేసే రైతులకు ఇది పాత శత్రువు. తెల్లగా, లావుగా, సున్నా చుట్టినట్టు ముడుచుకుని ఉంటుంది. తొలకరి పడిన రాత్రి పెంకు పురుగులు వేపచెట్ల మీదికి ఆకు తినడానికి చేరతాయి. అప్పుడే కొమ్మలు దులిపి, ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేస్తే సగం బెడద తీరుతుంది. పచ్చి పేడ లాన్‌లో వేయడమంటే ఈ పురుగును పిలిచి విందు పెట్టడమే. పశువుల ఎరువులో మెటారైజియం అనే శిలీంద్రపు పొడి కలిపి తడి నేలలో వేస్తే పురుగుకు రోగం వస్తుంది, పిల్లలు ఆడే చోట రసాయన గుళికల కన్నా ఇదే నయం.

మధ్యలో మెరుస్తూ, గరిక కన్నా ఎత్తుగా లేచేది తుంగ. కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. పైన పీకితే లాభం లేదు. కింద గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. వాన వెలిసిన రోజు నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డతో సహా తవ్వి తీయాలి. ఒక్కసారితో పోదు, రెండు మూడు వానాకాలాల ఓపిక కావాలి. అన్నిటినీ చంపే కలుపు మందు కొడితే ముందు పోయేది మీ గరికే.

ఉత్తరం రాసిన గృహిణికి మా సలహా ఇదీ. ఈసారి పలకలుగా కోసిన గడ్డి కొనకండి. ఎండాకాలంలోనే అడుగు లోతు తవ్వించి, రాళ్లు ఏరించి, మాగిన ఎరువు కలిపి ఉంచండి. రెండు మంచి వానలు పడ్డాక, ఊళ్లో ఏ గట్టు మీదో నీళ్లు, ఎండ తిని బలిసిన గరిక తెచ్చి, కణుపులున్న కాడలను నాలుగేసి అంగుళాల దూరంలో నాటించండి. ఖర్చు కూలీదే. నర్సరీ రకమంత సన్నగా ఉండదు, నిజమే. అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ 1960లో విడుదల చేసిన, మామూలు గరిక, ఆఫ్రికా రకం కలిసిన సంకరమైన టిఫ్‌వే లాంటివి గోల్ఫ్ మైదానాలకు బాగుంటాయి. వాటికి తగ్గ కోత, ఎరువు, మనిషి కూడా ఉండాలి. బంతాట ఆడే మనవడికి గట్టు గరిక చాలు.

రెండు మూడు నెలల్లో నేల కప్పేస్తుంది. అప్పటిదాకా బాబును వేరేచోట ఆడుకోమనండి. మామిడి చెట్టు కింద ఎండ తగలని మూల ఉంటే మాత్రం, అక్కడ మీవారి టైల్స్‌కు మా అభ్యంతరం లేదు. సిమెంటు పోయకుండా ఇసుక మీద, సందులు వదిలి పరిపించండి, వాన నీరు చెట్టు వేళ్లకు దిగుతుంది.