బైబిలు పదాలు: ఎముక



దగ్గరి చుట్టరికాన్ని మనం 'రక్తసంబంధం' అంటాము. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో అదే సంగతిని 'ఎముక, మాంసము' అని చెబుతారు. ఎముకకు హెబ్రీ పదం 'ఎట్సెమ్'. ఈ పదానికి 'సాక్షాత్తు', 'అదే' అనే భావం కూడా ఉంది. నోవహు ఓడలో ప్రవేశించిన దినాన్ని గూర్చి (ఆది. 7:13), ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచిన దినాన్ని గూర్చి (నిర్గమ. 12:41) చెప్పేచోట మూలభాషలో 'ఆ దినపు ఎముకలో' అన్నట్టుగా ఉంటుంది. సరిగ్గా ఆ దినముననే అని దాని అర్థం. కాబట్టి ఒకనితో 'నీవు నా ఎముకవు' అనడమంటే, 'నీవు పరాయివాడవు కావు, నాలో భాగమే' అని ఒప్పుకోవడమే.

బైబిలులో ఈ మాట పలికినవారిలో నలుగురిని చూద్దాము.

మొదటివాడు ఆదాము (ఆది. 2:23). హవ్వను చూచి సంతోషంతో పలికాడు. పోయిన ప్రక్కటెముకకు లెక్క అడుగలేదు.

రెండవవాడు లాబాను. మేనల్లుడైన యాకోబును ఈ మాటతోనే ఇంట చేర్చుకున్నాడు (ఆది. 29:14). అయితే రాహేలును ఇస్తానని లేయాను ఇచ్చాడు. ఇద్దరు కుమార్తెల కొరకు 14 సంవత్సరాలు కొలువు చేయించుకున్నాడు.

మూడవవాడు అబీమెలెకు. షెకెములోని తన తల్లి బంధువులకు ఈ మాటనే గుర్తుచేసి వారి మద్దతు సంపాదించాడు. వారిచ్చిన వెండితో అల్లరిమూకను కూలికి పెట్టుకొని, తన తండ్రి కుమారులను ఒకే రాతిమీద చంపాడు (న్యాయా. 9:2-5). ఒకరికి ఎముకనని చెప్పుకొని, మరొకవైపు తన ఎముకలనే విరుగగొట్టుకున్నాడు.

నాలుగవవాడు దావీదు. అబ్షాలోము తిరుగుబాటు అణగిన తరువాత రాజును తిరిగి తీసికొని రావడానికి సొంత గోత్రమైన యూదా పెద్దలే వెనుకాడారు. దావీదు వారి మీదికి సైన్యాన్ని పంపలేదు. యాజకులైన సాదోకు, అబ్యాతారుల ద్వారా 'మీరు నా ఎముకలు, నా మాంసము కారా?' అన్న భావంతో కబురు పంపాడు. అబ్షాలోము సేనకు నాయకత్వం వహించిన అమాశాకు కూడా అదే కబురు (2 సమూ. 19:11-14). యూదావారి హృదయాలు ఒక్క మనిషి హృదయంలా తిరిగాయి.

మన ఇండ్లలోనూ ఈ మాట వినబడుతుంది. అప్పు కావలసినప్పుడు, ఓటు కావలసినప్పుడు 'మనం మనం ఒకటి' అంటాము. అది లాబాను మాట. పంపకాలలో మాటామాటా పెరిగి, గట్టు దగ్గర పలకరింపులు ఆగిపోయిన తరువాత ముందుగా 'నీవు నా వాడవే' అనగలిగితే అది దావీదు మాట. అలా అనలేక మత్సరం పెంచుకుంటే అది మన ఎముకలనే కుళ్లబెడుతుందని సామెతలు 14:30 హెచ్చరిస్తుంది. సహోదరుడు మన ఎముక అయితే, వానిమీది పగ మనలోనే పుండు కాదా?

మన రక్షకుడు మన రక్తమాంసాలలో పాలివాడై, మనలను సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదు (హెబ్రీ. 2:11-14). మనం ఆయనకు విరోధంగా ఉన్నప్పుడే ఆయన ముందడుగు వేశాడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 2 సమూయేలు 19వ అధ్యాయం చదవండి. మీరు కబురు పంపవలసిన ఇల్లు ఏదైనా ఉంటే, క్రిస్మస్ వరకు ఆగకండి.